ఎడం పక్క బొమ్మ

జరీనా ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే వాళ్ళమ్మ "రాగుల ఆఫీసులో రాస్తుంది" అంటుంది. నంద్యాలలో ఆ జవాబు విన్నాక ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. బెంగళూరులో వేస్తారు. మారతహళ్ళిలో ఆమె అద్దెకుండే అపార్ట్‌మెంటులో నలభై ఇళ్ళుంటే ముప్పై ఇళ్ళు సాఫ్ట్‌వేర్ వాళ్ళవి. రాగుల గురించి రాయడానికి నెలజీతమిచ్చి మనిషిని పెట్టుకునే ఆఫీసు ఒకటుంటుందని వాళ్ళకు ఒక పట్టాన నమ్మకం కుదరదు.

ఉంది మరి. కుందలహళ్ళి టెక్ పార్కుకు ఎదురుగా, అద్దాల మేడలో నాలుగో అంతస్తు. ఏడు దేశాల్లో చిరుధాన్యాల మీద పరిశోధన చేసే సంస్థ అది. కిటికీలోంచి ఎంత తొంగిచూసినా పిడికెడు మట్టి కనబడదు. అక్కడి శాస్త్రవేత్తలు ఇంగ్లీషులో నలభై పేజీలు రాస్తారు. ఆ నలభై పేజీలూ చదివి రైతులకు ఒక పోస్టరు, పేపరు వాళ్ళకు ఒక వార్త, నిధులిచ్చే విదేశీ సంస్థలకు ఒక రంగుల పుస్తకం తయారుచెయ్యడం జరీనా పని. ఒకే సంగతిని ముగ్గురికి మూడు రకాలుగా చెప్పాలి, మూడుచోట్లా అది అబద్ధం కాకూడదు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది.

ఈ విద్య ఆమెకు నంద్యాలలో పట్టుబడింది. పదకొండేళ్ళు ఒక పేపరు జిల్లా ఎడిషన్‌లో మార్కెట్ యార్డు వార్తలు రాసింది. శనగల ధర పడిపోయిన రోజున రైతు మొహం, వ్యాపారి మొహం పక్కపక్కన పెట్టి ఫోటో వేయించేది. మాట కన్నా బొమ్మ ముందు నడుస్తుందని ఆమె నమ్మకం. తర్వాత ఆ ఎడిషన్ మూసేశారు. భర్తతో అప్పటికే విడిపోయింది. కూతురు సమీనాను వెంటబెట్టుకుని బెంగళూరు వచ్చి, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద ఈ ఆఫీసులో చేరింది. ఆరేళ్ళయింది. ఇప్పటికీ జూలై వస్తే ఆమె రోజులు లెక్కపెట్టుకుంటుంది. జూలై ముప్పై ఒకటిన కాంట్రాక్టు అయిపోతుంది, దాన్ని పొడిగిస్తూ సంతకం పెట్టాల్సింది స్టాన్లీ.

స్టాన్లీ ఆమె పై అధికారి. గుంటూరు మనిషి, మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కల్లా వాళ్ళకు ఎదురుచెప్పడానికి మనకు నోరు రాకపోవడమే.

పోయిన ఏడు జరీనా తీసిన బొమ్మ ఒకటి ఆ ఆఫీసుకు చాలా పేరు తెచ్చిపెట్టింది. బొమ్మ ఒకటంటే ఒకటి కాదు, రెండు కలిపి. కుడి పక్క, నడుమెత్తు రాగి చేనులో అశ్వత్థప్ప అనే రైతు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ నిలబడ్డాడు. ఎడం పక్క, కలుపు కమ్మేసిన బక్క చేనులో అరవై దాటిన ఆడమనిషి చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె పేరు పాపక్క. కింద మూడు భాషల్లో నాలుగే మాటలు: పాత పద్ధతి, కొత్త పద్ధతి. నారు పోసి, వరసల్లో నాటి, ఎరువు రెండు తడవలుగా వేసే ఒక పద్ధతిని తూర్పు ఆఫ్రికాలో రాగి పండే చోట్ల పరీక్షించి, దాన్నే బెంగళూరుకు ఉత్తరాన, దేవనహళ్ళి దాటాక ఒక పల్లెలో చేసి చూశారు. ఆ పరిశోధన సారమంతా ఈ రెండు బొమ్మల్లో ఉందని స్టాన్లీ మురిసిపోయాడు. బొమ్మ రంగుల పుస్తకం అట్ట మీదికెక్కింది. విదేశంలో జరిగిన సభలో గోడంత తెర మీద వేశారు. పల్లెలో పాల డెయిరీ గోడకు పోస్టరు అంటించారు. ఆఫీసులో కేకు కోశారు.

జూలై రెండో వారంలో, సోమవారం నాడు, జరీనా ఆ పల్లెకు వెళ్ళింది. గురువారం నిధులిచ్చే సంస్థ నుంచి నలుగురు వస్తున్నారు. వాళ్ళ ముందు పాపక్క మాట్లాడాలి, ఆ రోజు రమ్మని ముందే కబురు పంపారు. మునుపు నా చేను ఇట్లా ఉండేది, ఇప్పుడు నేనూ కొత్త పద్ధతిలోకి మారుతున్నాను అని చెబితే చాలు. స్టాన్లీ ఆ మాటలు కాగితం మీద రాసిచ్చాడు. కాగితం జరీనా సంచిలో ఉంది.

పాపక్క పంచలో విత్తనాల బాన ముందు కూర్చుని ఉంది. ఆ బాన సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో వాన పడ్డాక, చేను విత్తేముందు, ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడమనిషి చేట పట్టుకుని పాపక్క దగ్గరికి వస్తుంది. పాపక్క బానలోంచి పిడికెడు రాగులు తీసి ఆ చేటలో పోస్తుంది. సొంత విత్తనం ఉన్నవాళ్ళకు కూడా మొదటి పిడికెడు ఆమెదే కావాలి. చాలామంది మొత్తం విత్తనం ఆమె దగ్గరే తీసుకుని, పంట వచ్చాక కొత్త రాగులు తెచ్చి బానలో పోస్తారు. పాపక్క చెయ్యి పడితే మొలక తప్పదని ఊరి మాట. నలభై ఏళ్ళుగా నడుస్తోంది. దానివల్ల ఆమెకు మిద్దెలు లేవలేదు. ఊళ్ళో ఆమెకొక చోటుంది, అంతే. ఆడమనిషికి, అందులో మొగుడు పోయిన మనిషికి, ఊరు అట్లాంటి చోటు ఇవ్వడం మాటలు కాదు.

"ఎంతమంది వచ్చినారక్కా ఈ ఏడు?" మాట కలపడానికి అడిగింది జరీనా.

"ఎవురూ రాలేదు."

"వాన పడలేదా?"

"వాన బాగనే పడినాది. శానామంది విత్తేసినారు గూడా. అంగడి విత్తనం తెచ్చుకున్నారు." పాపక్క బాన మీద గుడ్డ సరిచేసింది. "పొద్దునా సాయంత్రం డెయిరీ కాడ పాలు పోసేకి నిలబడతాను గదమ్మా. గోడ మీద నేనే ఉండాను. ఆడ గోడ మీద నేను, ఈడ వరసలో నేను. పాపక్క చెయ్యి పోయినాది అంటారు. ఆఫీసరోళ్ళు సుమ్నే ఊరికే ఏస్తారా, ఏదో చూసే ఏసింటారు అంటారు. నా ముందర అనరులే."

జరీనా సంచిలోంచి కాగితం తీయలేదు.

అసలు జరిగింది ఇది. కొత్త పద్ధతి ఎంత మేలో తెలియాలంటే పక్కన పోల్చుకోవడానికి ఒక మడి కావాలి. ఎరువు వెయ్యకుండా, విత్తనం ఊరికే వెదజల్లి, రెండోసారి కలుపు తియ్యకుండా వదిలేసిన మడి. శాస్త్రవేత్త దర్శన్, హాసన్ వైపు కుర్రాడు, అట్లాంటి మడి కోసం ఊరంతా తిరిగాడు. మంచి పంట చేనుకు అందరూ ముందుకొచ్చారు, బక్క చేనుకు ఒక్కరూ రాలేదు. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి ఎవరని అడిగితే ఊళ్ళో నలుగురూ పాపక్క పేరే చెప్పారు. ఆమె అరెకరం ఇచ్చింది. ఎదిగే పైరు మధ్య కలుపు పెరుగుతుంటే, చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకుంది. నలభై ఏళ్ళ సేద్యంలో ఆమెకు అంత కష్టమైన పని ఇంకోటి తగలలేదు. ఆ మడి పాత పద్ధతీ కాదు, పాపక్క పద్ధతీ కాదు. ఆ మాటకొస్తే అది దర్శన్ పద్ధతి.

"మీరు ఊళ్ళో వాళ్ళకు ఈ సంగతి చెప్పలేదా అక్కా?"

"ఎట్ల చెప్తాను? ఎవురికీ చెప్పొద్దన్నాడు ఆ దర్శనప్ప. తెలిస్తే జాలిపడి ఎవురైనా కలుపు పీకుతారు, లెక్క చెడిపోతాది అన్నాడు. సరే అంటి. మా కోడలికి గూడా చెప్పలేదు." పాపక్క నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఇప్పుడు చెప్పచ్చునా అమ్మా?"

లెక్క ముగిసి ఎనిమిది నెలలైంది. నలభై పేజీలు అచ్చయ్యాయి, కేకు కోశారు, తెర మీద వేశారు. ఆ ముసలామెను ఇచ్చిన మాట నుంచి విడిపించాలని ఒక్కరికీ తట్టలేదు. ఇంత చదువుకున్నవాళ్ళు చేసే తప్పులు ఇలాగే ఉంటాయి.

"చెప్పండక్కా. ఇప్పుడే చెప్పండి."

"నేను చెప్తే ఏమంటారు? పరువు పోయినాక కతలు అల్లుతాంది అంటారు. రాసినోళ్ళు చెప్పాల."

"నేను చెప్తాను. గురువారం లోపల సరిచేస్తాను," అంది జరీనా. అన్నప్పుడు మనసారా అంది.

మంగళవారం ఆఫీసుకు వెళ్ళగానే దర్శన్‌ని పట్టుకుంది. అతను కన్నడ యాసలో తెలుగు నెమ్మదిగా కూడబలుక్కుంటూ చెప్పాడు. "నేను అంకెలు చెక్ చేశాను మేడమ్. బొమ్మ మీ డిపార్ట్‌మెంట్ కదా అని చూడలేదు. నా పేపర్లో పోలిక మడి అనే రాసి ఉంది. పాత పద్ధతి అని ఎవరు రాశారు?"

జరీనాకు సమాధానం తెలుసు. పోలిక మడి అంటే ఎవరికి ఎక్కుతుందని, పోస్టరు మీద పట్టాలని, తనే కొట్టేసి తనే రాసింది. ఆ పొద్దు వెలుతురు బాగుందని ఆ ఫోటో తీసిందీ తనే. పాపక్క మొహంలో నిస్సహాయత ఎంత బాగా పడిందో అని ఆఫీసులో మెచ్చుకుంటే సంతోషించిందీ తనే.

స్టాన్లీ అంతా విన్నాడు.

"దీన్ని నేను మిస్టేక్ అనను జరీనా. సింప్లిఫికేషన్ అంటాను."

"ఆమె అట్లా సేద్యం చెయ్యదు సర్. ఎవరూ చెయ్యరు. మనం చెయ్యమన్నాం."

"కరెక్టే. కానీ గురువారం వాళ్ళ ముందు, కవర్ మీద బొమ్మకే క్యాప్షన్ తప్పు అని చెప్తే, లోపల నంబర్స్ నమ్ముతారా? ఈ ఫండింగ్ మీద పన్నెండు మంది కాంట్రాక్టులు ఉన్నాయి. నీది కూడా." అతను బెదిరించడం లేదు, ఉన్నమాట చెబుతున్నాడు. "ఆగస్టులో పోస్టర్ సైలెంట్‌గా తీయించేద్దాం. గురువారం ఆమెను రావద్దని చెప్పు. ఆమె స్పీచ్ కాన్సిల్. ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా?"

పాము చావదు, కర్ర విరగదు. ఆ క్షణానికి జరీనాకు అదే న్యాయంగా తోచింది. సమీనా స్కూలు ఫీజు, ఇంటద్దె, తనకు దగ్గరపడుతున్న నలభయ్యేళ్ళు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డాయి. మెట్ల దగ్గరికెళ్ళి పాపక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, గురువారం మీరు రావద్దులే. ఎండగా ఉంటుంది, అంతసేపు నిలబడలేరు. ఆ పోస్టరు సంగతి తర్వాత చూస్తాం."

మబ్బు పట్టి ఉండే జూలైలో దేవనహళ్ళిలో ఎండ! అబద్ధం చెప్పేవాళ్ళు కాస్త అతికేలా చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు.

"సరేమ్మా," అంది పాపక్క. ఫోన్ పెట్టేసింది.

ఆ రోజంతా జరీనాకు ఆ ఒక్కమాటే చెవిలో ఉంది. బుధవారం పొద్దున దర్శన్ రాసిన నలభై పేజీలూ మళ్ళీ తీసింది. తొలిసారి చదివినప్పుడు అందరిలాగే ముందు రెండు పేజీలు, చివరి రెండు పేజీలు చూసి పోస్టరు రాసేసింది. ఈసారి వరసగా చదివింది. ముప్పై ఒకటో పేజీలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: అన్ని మళ్ళలోనూ వాడిన విత్తనం ఒకటే, స్థానికంగా ఒక ఇంటి నుంచి సేకరించినది.

"ఏ ఇల్లు దర్శన్?"

"పాపక్క గారి ఇల్లే మేడమ్. విత్తనంలో తేడా ఉంటే పోలిక కుదరదు కదా. ఆ ఊళ్ళో అన్ని మళ్ళకూ ఆమె బానలోంచే తీసుకున్నాం."

అంటే కుడి పక్క బొమ్మలో అశ్వత్థప్ప వెనక నడుమెత్తు నిలబడిన చేను కూడా పాపక్క విత్తనమే. ఆ పోస్టరు చూసి ఊరు వద్దనుకున్నది ఆ విత్తనాన్నే.

సాయంత్రం ఇంట్లో రంగుల పుస్తకం బల్ల మీద ఉంటే తొమ్మిదో తరగతి సమీనా తిరగేసింది. "అమ్మీ, ఈ అవ్వకి ఎవరి మీదో బాగా కోపం వచ్చినట్టుంది," అంది. జరీనా వంగి చూసింది. నిజమే. అది నిస్సహాయత కాదు. కట్టుకున్న ఆ చేతులు కలుపు పీకకుండా ఆపుకుంటున్న చేతులు. బొమ్మలు చదవడం తన వృత్తి అనుకునే మనిషికి పద్నాలుగేళ్ళ పిల్ల చెప్పాల్సి వచ్చింది.

గురువారం అశ్వత్థప్ప చేను పక్కన షామియానా వేశారు. కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు, కొబ్బరి బోండాలు కొట్టించి పెట్టారు. పిలిచిన రైతులు పదిహేను మంది వచ్చారు. ఊళ్ళో ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకుంటారు, బయట కన్నడం. వచ్చిన నలుగురికీ ఇంగ్లీషు తప్ప రాదు. మైకు పట్టుకుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పే పని జరీనాది. స్టాన్లీ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. అశ్వత్థప్ప ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొత్త పద్ధతి గురించి చక్కగా చెప్పాడు. అంతా సాఫీగా సాగుతోంది.

అప్పుడు గట్టు మీద పాపక్క కనబడింది. నీలం చీర కట్టుకుని, తొందరేమీ లేకుండా నడిచి వచ్చి, చివరి వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. స్టాన్లీ జరీనా వైపు చూశాడు.

వచ్చినవాళ్ళలో పెద్దావిడ, తెల్లజుట్టు మనిషి, ఒళ్ళోని రంగుల పుస్తకం అట్ట చూసింది. తలెత్తి పాపక్కను చూసింది. మళ్ళీ అట్ట చూసింది. ఆమె మొహం వెలిగిపోయింది. లేచి వెళ్ళి పాపక్క రెండు చేతులూ పట్టుకుంది. ఇంత దూరం వచ్చి ఈమెను కలవడం తన అదృష్టమనీ, అప్పట్లో ఏం తెలియక చేను అలా అయిందో ఈమె నోటితోనే వినాలని ఉందనీ ఇంగ్లీషులో అంది.

స్టాన్లీ పక్కకు వచ్చి జరీనా చెవిలో అన్నాడు. "షార్ట్‌గా కానివ్వు. ఆ ఏడు వానల్లేవని చెప్పెయ్, చాలు."

అది పెద్ద అబద్ధం కూడా కాదు. వానలు నిజంగానే అంతంత మాత్రం. అతుకుతుంది. జరీనా మైకు దగ్గరికి తీసుకుంది.

"అప్పుడు మీకు ఏం తెలియక చేను అట్లయిందో చెప్పమంటోంది అక్కా," అంది, ఉన్నదున్నట్టు.

రైతుల్లో ఒకరిద్దరు తల దించుకున్నారు. పాపక్క జరీనా కళ్ళలోకి చూసింది.

"రాసింది నువ్వే గదమ్మా. నువ్వే చెప్పు."

షామియానా కింద అందరూ జరీనా వైపు తిరిగారు. ఆమె ముందు తెలుగులో మొదలుపెట్టింది.

"ఆ చేను పాపక్క సేద్యం కాదు. మా ఆఫీసు చెప్పినట్టు చేసింది. ఎరువు వెయ్యొద్దన్నాం, వెయ్యలేదు. రెండోసారి కలుపు తియ్యొద్దన్నాం, తియ్యలేదు. మంచి చేనుతో పోల్చి చూసేదానికి అట్లాంటి మడి ఒకటి కావాల్సి వచ్చింది. ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు, ఈమె ఒప్పుకుంది. ఎవరికీ చెప్పొద్దన్నాం, చెప్పలేదు. దాని కింద పాత పద్ధతి అని రాసింది నేను. తప్పు రాసినాను. ఇంకో మాట కూడా ఉంది. అశ్వత్థప్ప చేనులో పండింది కూడా పాపక్క విత్తనమే."

అందరూ అశ్వత్థప్పను చూశారు. అతను చొక్కా గుండీ తడుముకున్నాడు.

"అవునప్పా," అన్నాడు చివరికి. "విత్తనం ఆయమ్మ బానలోదే. దర్శనప్ప తెచ్చిచ్చినాడు. ఎవురూ అడగలేదు, నేను చెప్పలేదు."

జరీనా అదే మాటను ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు. పెద్దావిడ పాపక్క చేతులు వదల్లేదు గానీ ఆమె మొహంలో నవ్వు పోయింది. ఇది మీకెప్పుడు తెలిసిందని స్టాన్లీని అడిగింది. మంగళవారం అని అతను చెప్పాడు. ఆ ఒక్కమాటకు జరీనా అతన్ని చాలా వరకు క్షమించింది.

ఇక అయిపోయిందనుకుంది జరీనా. మూడు రోజుల బరువు దిగినట్టనిపించింది. పాపక్క లేచి చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంది.

"బాగనే చెప్పినావు. అయితే ఈడ ఉండేది పదిహేను మంది. డెయిరీలో పాలు పోసేది నూటిరవై మంది. వాళ్ళకెవురు చెప్తారు?"

తిరుగు ప్రయాణంలో హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో కారు ఆగాక స్టాన్లీ అన్నాడు. "నీ కాంట్రాక్ట్ త్రీ మంత్స్‌కే పొడిగించగలను జరీనా. అంతకు మించి నా చేతిలో లేదు."

"సరే సర్. రేపు నాకు లీవు కావాలి."

"తీసుకో," అన్నాడతను.

శుక్రవారం తెల్లవారుతూనే జరీనా దేవనహళ్ళిలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని ఆరు గంటలకల్లా డెయిరీ దగ్గరుంది. క్యాన్లు, చెంబులు, స్టీలు బిందెలు పట్టుకుని జనం వరసలో ఉన్నారు. గోడ మీద పోస్టరు అంచులు కాస్త లేచాయి గానీ బొమ్మ చెక్కుచెదరలేదు. ఎడం పక్క పాపక్క, కుడి పక్క అశ్వత్థప్ప. మైకు లేదు, కుర్చీలు లేవు, తెల్లగుడ్డల్లేవు. ఆరేళ్ళలో ఆమె ఎన్నో సభల్లో మాట్లాడింది. ఇక్కడ ఎవరి వైపు తిరిగి మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఎవరమ్మా నువ్వు, పేపరోళ్ళా?" వరసలోంచి ఎవరో అడిగారు.

"కాదు. నా పేరు జరీనా. ఈ బొమ్మ కింద తప్పు రాసిన మనిషిని."

ఆ తర్వాత మాట దానంతటదే వచ్చింది. షామియానా కింద చెప్పిందంతా చెప్పింది. సగం మంది వింటూ పాలు పోశారు, సగం మంది పాలు పొయ్యడం ఆపి విన్నారు. వరస మధ్యలో పాపక్క తన చెంబు పట్టుకుని నిలబడే ఉంది. ఒకాయన ఆమె వైపు తిరిగి అడిగాడు. "అయితే ఇన్ని దినాలు నోరు ఎందుకు మెదపలేదక్కా?"

"మాటిచ్చినాను," అంది పాపక్క.

అప్పుడు సరోజమ్మ అనే ఆమె, పాపక్క ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే మనిషి, క్యాను కింద పెట్టి ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళుగా పాపక్క దగ్గర విత్తనం తీసుకుని, ఈ ఏడు ముఖం చాటేసిన వాళ్ళలో ఆమె ఒకతె.

"మా మెట్ట చేను ఇంకా విత్తలేదక్కా. సాయంత్రం చేట తీసుకొస్తాను. ఇస్తావా?"

ఆరేళ్ళ ఉద్యోగంలో తను చెప్పిన మాట ఇలా కళ్ళెదురుగా పని చెయ్యడం జరీనా ఎన్నడూ చూడలేదు.

"విత్తనం లేదు సరోజమ్మా," అంది పాపక్క. "బుధవారం మరకు పంపించినాను. బానెడూ పిండి అయిపోయినాది."

సరోజమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కరువు కాలంలో కూడా విత్తనం దంచుకు తినని ఇళ్ళు అవి.

"ఈయమ్మ మంగళవారం ఫోన్ చేసి రావద్దు అనింది," పాపక్క మామూలుగానే చెప్పింది. ఎత్తిపొడుపేమీ లేదు. "ఇంక ఎవురికీ అక్కర్లేదులే అనుకుంటిని. పురుగు పట్టి పోయేదాని కన్నా తిందాములే అనుకుంటిని. నా చేనులో చల్లింది రెండు సేర్లు ఉండాది. అది పండితే వచ్చే ఏడు చూద్దాము."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మంగళవారం మధ్యాహ్నం ఆఫీసు మెట్ల మీద నిలబడి చేసిన ఒక ఫోను, నిమిషం కూడా పట్టలేదు. నలభై ఏళ్ళ బాన ఖాళీ అయింది. జరీనా అక్కడే, అందరి ముందే ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ తిట్టలేదు. పాపక్క తన వంతు రాగానే పాలు పోసి, ఖాళీ చెంబు తీసుకుని ఇంటి దారి పట్టింది.

డెయిరీ మూయడానికి ఇంకా అరగంట ఉంది. పైవీధి వాళ్ళు అప్పుడే క్యాన్లు పట్టుకుని వస్తున్నారు. జరీనా కొంగుతో మొహం తుడుచుకుంది. వాళ్ళు దగ్గరికి రాగానే "నా పేరు జరీనా" అని మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టింది. ఈసారి మంగళవారం ఫోను సంగతి కూడా చెప్పింది.